కనుమ మీదుగా 220 కేవీ లైన్: సైటు డైరీ

ఏప్రిల్, మంచు ఇంకా కరగలేదు

ఇవతలి లోయలో రోడ్డు ఆగిపోయే చోటు నుంచి కనుమ దాటి అవతలి లోయలో మళ్లీ రోడ్డు దొరికే చోటు దాకా ఉన్న ముక్క మాకు అప్పగించారు. 220 కేవీ (కిలోవోల్టుల) కరెంటు లైన్, సింగిల్ సర్క్యూట్, అంటే మూడు తీగల ఒకే వరుస. మొదటి టవర్ 1,900 మీటర్ల ఎత్తులో వస్తుంది. కనుమ దగ్గరి టవర్ 3,500 మీటర్లు దాటుతుంది. మధ్యలో కాలిబాట తప్ప వేరే దారి లేదు. పనికి వీలయ్యే కాలం మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకానే. కాబట్టి ఈ ఏడు పునాదులు, వచ్చే ఏడు టవర్లు, తీగ.

ప్రస్తుతానికి చేతిలో ఉన్నది అలైన్‌మెంటు మ్యాపు, ప్రొఫైల్ షీట్లు. కంప్యూటర్లో టవర్లను చక్కగా గుర్తించారు. ఎక్కడ ఎంత సాగ్ (తీగ మధ్యలో కిందికి వేలాడే లోతు) వస్తుందో, నేలకు ఎంత ఎత్తు ఉంటుందో అన్నీ ఉన్నాయి. ఒక్కో టవర్ దగ్గరికి ఇసుక, కంకర, నీళ్లు ఎలా చేరతాయన్నది మాత్రం ఏ షీటులోనూ లేదు. నన్నడిగితే కొండల్లో లైన్ పని అంటే సగానికి పైగా మోత పనే.

మే, కాలినడక సర్వే

మ్యాపు పట్టుకుని ప్రతి లొకేషన్‌కూ నడిచి వెళ్తున్నాం. సర్వేయర్, జియాలజిస్టు, నేను, మాతో పాటు ఇక్కడే గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన. నిజానికి అందరికన్నా ముందు ఆయన మాటే వినాలి. లొకేషన్ 11 దగ్గర నిలబడి చుట్టూ చూసి, "ఇక్కడ మేం గుడారం వేయం సార్" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

కారణం చెట్లు చూస్తే తెలిసింది. వాలుకు రెండు పక్కలా ముదురు చెట్లున్నాయి. మధ్యలో ఉన్న వెడల్పాటి పట్టీలో అన్నీ ఒకే ఈడు పల్చటి మొక్కలు. అంచున ఉన్న చెట్లకు కొమ్మలు పైవాలు వైపు మాత్రమే విరిగి ఉన్నాయి. మొదళ్లు కిందికి వంగి, తర్వాత పైకి లేచాయి. మంచు చరియ దిగే దారికి ఇవన్నీ ఆనవాళ్లు. ఏటా దిగకపోవచ్చు. పదేళ్లకు ఒకసారి దిగినా టవర్ మిగలదు.

ఈ విషయంలో ఏ కాలంలోనైనా చెప్పుకునే ఉదాహరణ కెనడాలోని కెమానో–కిటిమాట్ లైన్. అల్యూమినియం కర్మాగారం కోసం 1950లలో కిల్డాలా కనుమ మీదుగా కట్టారు. లైన్ మొదలైన కొద్దికాలానికే, 1955లో, మంచు చరియ టవర్లను కూల్చేసింది. తర్వాత ఆ చోట మళ్లీ టవర్లు నిలబెట్టకుండా, లోయకు అడ్డంగా ఉక్కు తాళ్లు కట్టి కండక్టర్లను (కరెంటు తీగలను) వాటికి వేలాడదీశారు. మాకు అంత సాహసం అక్కర్లేదు. 11ను పక్కనున్న రాతి మొటిమ మీదికి జరిపితే సరిపోతుంది. చరియ వచ్చినా ఆ రాయి దాన్ని రెండుగా చీలుస్తుంది.

అలా జరిపితే 10కి, 12కి స్పాన్లు (టవర్ల మధ్య దూరాలు) మారతాయి. 12 తగ్గులో ఉంది, దాని రెండు పక్కల టవర్లూ పైన ఉన్నాయి. ఇలాంటి చోట వేసవి లెక్క చూసి మోసపోకూడదు. వేడికి తీగ సాగి కిందికి వేలాడుతుంది కాబట్టి టవర్ మీద బరువు ఉన్నట్టే కనిపిస్తుంది. గడ్డ కట్టే చలిలో తీగ కుంచించుకుని బిగుసుకుంటుంది. అప్పుడు ఆ టవర్ మీద బరువు మోపడం మానేసి, ఇన్సులేటర్ దండను (తీగను టవర్‌కు తగిలించే, కరెంటు పోనివ్వని బిళ్లల వరుసను) పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. దీన్నే అప్‌లిఫ్ట్ అంటాం. తీగను వేలాడదీసి మోసే సస్పెన్షన్ టవర్ దాన్ని తట్టుకోలేదు. అతి తక్కువ ఉష్ణోగ్రతకు, గాలి లేకుండా, సాగ్ గీత మళ్లీ గీయించాను. 12లో అప్‌లిఫ్ట్ స్పష్టంగా తేలింది. దాన్ని టెన్షన్ టవర్‌గా (తీగను రెండు వైపులా లాగి పట్టే రకంగా) మార్చమని డిజైన్ వాళ్లకు రాశాను. ఉక్కు బరువు పెరుగుతుంది, అంటే మోత కూడా పెరుగుతుంది. తప్పదు.

కనుమ దగ్గరి టవర్‌ను గట్టు మీద పెట్టకుండా, గాలి తక్కువగా తగిలే వైపు కొద్దిగా కిందికి దించాం. గట్టు అంచున గాలి వేగం పుంజుకుంటుంది, మబ్బు తగిలి తీగ మీద మంచు గడ్డ కడుతుంది, పిడుగులు కూడా అక్కడే ఎక్కువ.

జూన్, పునాదుల లెక్క

డ్రాయింగుల్లో మామూలు పునాది ఉంది. గొయ్యి తవ్వి, కింద వెడల్పాటి ప్యాడ్, దాని మీద చిమ్నీ అనే కాంక్రీటు స్తంభం. నాలుగు కాళ్లకు కలిపి 40 ఘనపు మీటర్ల కాంక్రీటు. మైదానంలో ఇది ఎవరూ పట్టించుకోని అంకె. ఇక్కడ నేను కాగితం మీద రాసి అందరికీ చూపించాను. ఒక ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2.4 టన్నులు. 40కి 96 టన్నులు. కంచరగాడిద ఒక విడతకు 70 కిలోలు మోస్తుందనుకుంటే, ఒక్క టవర్‌కు 1,370 విడతలు. అందులో ఉక్కు లేదు, పనివాళ్ల సామాను లేదు.

గట్టి రాయి పైకే కనిపిస్తున్న లొకేషన్లలో రాక్ యాంకర్‌కు మారదామని అడిగాం. రాతిలో మూడు మీటర్ల లోతుకు రంధ్రాలు కొట్టి, 32 మిల్లీమీటర్ల ఊచలు దించి, గ్రౌట్ (జారుగా కలిపిన సిమెంటు) పోసి, వాటి మీద చిన్న కాంక్రీటు దిమ్మె కట్టడం. కాంక్రీటు 10 ఘనపు మీటర్లలోపే ఉంటుంది, అంటే సుమారు 340 విడతలు. డిజైన్ విభాగం ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది: ప్రతి లొకేషన్‌లోనూ ఒక యాంకర్‌ను లాగి పరీక్షించాలి. సబబైన షరతే. రాయి పైకి ఒకలా, లోపల ఒకలా ఉంటుంది.

యాంకర్ పనిలో జనం తేలిగ్గా తీసుకునేది రంధ్రం శుభ్రం చేయడం. డ్రిల్లు కొట్టాక గోడలకు రాతి పొడి అంటుకుని ఉంటుంది. కంప్రెసర్ గాలితో అడుగు నుంచి ఊది, అవసరమైతే నీళ్లతో కడిగి, మళ్లీ ఊదాలి. ఆ పొడి మిగిలితే గ్రౌట్ రాతిని పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. పరీక్షలో ఊచ తెగదు, గ్రౌట్‌తో సహా మొత్తం జారి బయటికి వస్తుంది.

లొకేషన్ 7లో మొదటి పరీక్ష చేశాం. డిజైన్ బలానికి ఒకటిన్నర రెట్లు, మెట్లు మెట్లుగా జాక్‌తో లాగుతూ, ప్రతి మెట్టు దగ్గర ఆగి డయల్ గేజ్ చూశాం. చివరి మెట్టులో కదలిక ఆగిపోయింది, బరువు తీసేశాక ముల్లు దాదాపు మొదటి చోటికే వచ్చింది. 9లో మాత్రం మూడో మెట్టు దగ్గరే ముల్లు నిలబడకుండా పాకుతూ పోయింది. రాతిలో వాలుకు సమాంతరంగా పగులు ఉంది, పైనుంచి కనపడలేదు. అక్కడ యాంకర్లు పొడవు పెంచి, పగులు దాటించి, మళ్లీ వేయించాం.

జూలై, కాళ్లు ఒకే పొడవు ఉండవు

వాలు మీద టవర్ నిలబెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొండను తవ్వి చదును చేయడం. రెండు, నేల ఎలా ఉందో అలాగే వదిలి, టవర్ కాళ్లనే పొడుగూ పొట్టీ చేయడం. నేను రెండో దాని పక్షం. చదును చేస్తే పైన కోసిన గోడ వర్షానికి జారుతుంది, కింద పోసిన మట్టి ఇంకా ముందే జారుతుంది. పక్కనున్న పాత లైన్‌లో అలా తవ్విన రెండు టవర్ల దగ్గర రిటైనింగ్ గోడలు కడుతూనే ఉన్నారు. ఆ రాళ్లు మళ్లీ మోయాల్సిందే కదా.

కాళ్లు వేర్వేరు పొడవులైతే స్టబ్ (పునాదిలో పాతే టవర్ కాలి అడుగు ముక్క) సెట్టింగ్ కష్టమవుతుంది. నాలుగు కాళ్లూ ఒకే ఎత్తులో ఉంటే ఒక ఇనప చట్రం పెట్టి నాలుగు స్టబ్‌లనూ దానికి బిగిస్తే సరిపోతుంది. ఇక్కడ ఒక కాలు కింద ఉంది, ఎదురు కాలు ఆరు మీటర్లు పైన ఉంది. ప్రతి స్టబ్‌నూ విడిగా ఊతాలతో నిలబెట్టి, వాలు కోణం, కర్ణం కొలత, ఎత్తు టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో చూసుకోవాలి. కాంక్రీటు పోస్తున్నప్పుడు మళ్లీ, పోశాక గట్టిపడకముందు మళ్లీ. ఇక్కడ కొద్ది మిల్లీమీటర్లు తప్పితే ఇప్పుడేమీ తెలీదు. వచ్చే ఏడు పైన బ్రేసింగులు (అడ్డ కడ్డీలు) బిగించే వాడికి బోల్టు రంధ్రాలు కలవనప్పుడు తెలుస్తుంది, వాడు మనల్ని తిట్టుకుంటాడు.

కింది లోయ నుంచి లొకేషన్ 6 పక్కనున్న చదునుదాకా తాత్కాలిక రోప్‌వే తయారైంది. ఒక విడతకు 500 కిలోలు. దాంతో మోత పని సగం కొండ పైనుంచి మొదలవుతుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తాం. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండకు వేడెక్కిన గాలి లోయలోంచి పైకి తోసుకొస్తుంది కాబట్టి రోప్‌వే, ఎత్తులో పని, రెండూ తెల్లవారుజామునే మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగిస్తున్నాం.

కింది నుంచి కొత్తగా వచ్చిన వాళ్లను నేరుగా పైకి పంపడం లేదు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు మామూలే. రెండు మూడు రోజులు మధ్య క్యాంపులో ఉండి, తేలిక పనులు చేసి, తర్వాతే పైకి. తలనొప్పి తగ్గకపోతే మందు ఇచ్చి పనిలో పెట్టడం కాదు, కిందికి దించాలి. ఈ మాట ఫోర్‌మన్ గారికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన మంచివాడే, కానీ ఆయనకు తలనొప్పి రాదు.

సెప్టెంబరు, చలి ముందే వచ్చింది

రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతోంది. 5 డిగ్రీలకంటే తగ్గితే సిమెంటు గట్టిపడడం బాగా నెమ్మదిస్తుంది. తొలి బలం రాకముందే లోపలి నీరు గడ్డకడితే ఆ కాంక్రీటు తర్వాత ఎంత వేడి తగిలినా కోలుకోదు. నీళ్లు కాచి కలుపుతున్నాం, పొద్దునే పోస్తున్నాం, సాయంత్రానికి గడ్డి, టార్పాలిన్లతో కప్పేస్తున్నాం. అంచులు, మూలలు ముందు చల్లబడతాయి, అక్కడ రెండు పొరలు. పోసిన చోట లోపల చిన్న థర్మామీటరు పెట్టి రాత్రిపూట కూడా చూసి రాసుకుంటున్నారు.

కనుమ దగ్గరి మూడు పునాదులు ఈ ఏడు వదిలేయాలని నిర్ణయించాను. పైనుంచి ఒత్తిడి వచ్చింది, "ఎలాగైనా పూర్తి చేయండి" అని. ఒక్క రాత్రి గడ్డకడితే ఆ పునాది పగలగొట్టి శిథిలాలు కూడా మోసి తీయాలి. వచ్చే జూన్‌లోనే చేస్తాం.

శీతకాలం అంతా రోడ్డు చివరి యార్డులో టవర్ ముక్కల విభజన నడుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి కట్టలు కట్టలుగా వచ్చిన వాటిని టవర్ వారీగా, ఆపైన ఎక్కించే వరుసలో వేరుచేయాలి. ప్రతి ముక్క మీదా మార్కు నంబరు ఉంటుంది. కడ్డీలను కలిపే గసెట్ ప్లేటు ఒక్కటి తక్కువైనా కింద యార్డులో తెలిస్తే ఫోన్ చేస్తే సరి. 3,400 మీటర్ల దగ్గర తెలిస్తే మొత్తం గ్యాంగు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

మరుసటి ఏడు, జూన్

మిగిలిన మూడు పునాదులు పూర్తయ్యాయి. టవర్లు లేస్తున్నాయి.

క్రేన్ రాదు కాబట్టి అంతా జిన్ పోల్ మీదే. సన్నటి కడ్డీ స్తంభాన్ని కట్టిన టవర్ లోపల నిలబెట్టి, దాని కొన నుంచి కప్పీతో తర్వాతి ముక్కను ఎత్తడం, అది బిగించాక స్తంభాన్ని ఇంకో మెట్టు పైకి జరపడం. కింద వించ్ దగ్గర ఒకడు, పైన సైగ చేసేవాడు ఒకడు. వాకీటాకీ మాటను గాలి మింగేస్తుంది కాబట్టి చేతి సైగలే నమ్మకం.

మూడు ఫేజులూ (మూడు కరెంటు తీగలూ) ఒకే ఎత్తులో పక్కపక్కన వచ్చే టవర్ ఇది. నిలువుగా ఒకదాని కింద ఒకటి పెడితే దారి తక్కువ పట్టేది. కానీ మంచు ప్రాంతంలో అది ప్రమాదం. మేం వాడే జెబ్రా రకం కండక్టర్ మీటరుకు 1.62 కిలోలు. దాని చుట్టూ 10 మిల్లీమీటర్ల మంచు పేరుకుంటే మీటరుకు ఇంకో 1.1 కిలోల బరువు చేరుతుంది. ఎండ తగిలి కింది తీగ మీద మంచు ఒక్కసారిగా రాలిపోతే ఆ తీగ పైకి ఎగురుతుంది, పైన ఇంకా మంచు బరువుతో కిందికి వేలాడుతున్న తీగకు తగులుతుంది. పక్కపక్కన ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ఎత్తు వల్ల ఇంకో చిక్కు. 3,500 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే. పల్చటి గాలిలో విద్యుత్ తేలిగ్గా దూకుతుంది. మైదానంలో 220 కేవీ దండకు 14 డిస్కులు సరిపోతే, మా పై టవర్లకు 18 డిస్కుల పొడవు కావాలన్నారు. ఒక్కో డిస్కు 5 కిలోల పైనే. దండ 90 కిలోలు దాటుతుంది, పైగా పింగాణీ, దారిలో పగులుతుంది. మోసుకెళ్లే లొకేషన్లన్నిటికీ సిలికాన్ రబ్బరు పాలిమర్ ఇన్సులేటర్లు తెప్పించాం. బరువు ఐదో వంతు. వాటి రెక్కలు గీసుకుపోకుండా పెట్టెలోంచి చివరి నిమిషంలోనే తీయాలన్నది ఒక్కటే నియమం.

గ్యాంగులో ఇద్దరు శ్రీనగర్–లేహ్ 220 కేవీ లైన్ మీద పనిచేసినవాళ్లు ఉన్నారు. జోజిలా మీదుగా దాదాపు 335 కిలోమీటర్ల లైన్ అది, 2019 ఫిబ్రవరి 3న ప్రారంభమైంది. వాళ్లు ఏ పని చెప్పినా ముందు ఆకాశం వైపు చూస్తారు, తర్వాత నా వైపు.

ఆగస్టు, తీగ లాగడం

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

రెండు కిలోమీటర్ల జెబ్రా చుట్టిన డ్రమ్ము తీగ బరువే మూడు టన్నులు దాటుతుంది. అది కొండెక్కదు. కాబట్టి తీగను పట్టి ఉంచే టెన్షనర్‌ను ఇవతలి లోయ రోడ్డు దగ్గర, లాగే పుల్లర్‌ను అవతలి లోయ రోడ్డు దగ్గర పెట్టాం. మధ్యలో ప్రతి టవర్‌కూ కప్పీలు వేలాడదీశాం. తీగ నేలను తాకకుండా మొదటి నుంచి చివరిదాకా గాలిలోనే నడవాలి. రాతికి రాసుకుంటే అల్యూమినియం పోగులు గీసుకుంటాయి, ఆ గీతల దగ్గరే కొరోనా (తీగ నుంచి గాలిలోకి కరెంటు చిమ్మడం) వస్తుంది.

మొదటి తాడు దాటించడం డ్రోన్ పని. రెండు మిల్లీమీటర్ల గట్టి సన్నతాడు, లోయ దాటించడానికి కిలోన్నర బరువు కూడా ఉండదు. పైన పల్చటి గాలిలో డ్రోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి ఎత్తైన టవర్ నుంచి కిందికి ఎగరేశాం. సన్నతాడుతో లావు తాడు, దాంతో ఉక్కు పైలట్ వైరు, దాంతో కండక్టర్. ప్రతి అతుకు దగ్గరా గిర్రున తిరిగే స్వివెల్ ఉండాలి, లేకపోతే తాడులోని మెలి కండక్టర్‌లోకి ఎక్కుతుంది.

పైలట్ వైరు 14వ స్పాన్‌లో ఉండగా దూరంగా ఉరుము వినిపించింది. లాగడం ఆపేసి అందరినీ దింపేశాను. మా మీద ఆకాశం నీలంగానే ఉంది. కానీ కిలోమీటర్ల పొడవునా గాలిలో ఉన్న లోహపు తాడుకు ఎక్కడ పడ్డా చాలు. ఉరుము లేకపోయినా, పొడి గాలికి, ఎగిరే మంచు పొడికి కరెంటులేని తీగ కూడా చార్జ్ అవుతుంది. పుల్లర్ దగ్గర, టెన్షనర్ దగ్గర రన్నింగ్ ఎర్తులు (కదిలే తీగను నేలకు కలిపేవి), పనిచేసే చోట రెండు పక్కలా ఎర్తులు, ఆ తర్వాతే చేయి వేయాలి. దీంట్లో ఎవరికీ మినహాయింపు లేదు, నాకూ లేదు.

పుల్లర్ ఇంజను కూడా ఈ ఎత్తులో నీరసపడింది. టర్బో లేని డీజిల్‌కు బలం పావు వంతుకు పైగా తగ్గుతుంది. కేటలాగులో ఉన్న లాగే శక్తిని నమ్ముకుని పెద్ద సెక్షన్ ప్లాన్ చేసి ఉంటే మధ్యలో నిలబడిపోయేవాళ్లం. సెక్షన్లు చిన్నవి చేశాం.

సెప్టెంబరు, సాగ్, క్లిప్పింగ్

తీగ పైకి చేరింది. ఇప్పుడు కొండల్లో మాత్రమే ఎదురయ్యే సమస్య.

కప్పీల మీద ఉన్నంతసేపు తీగ స్వేచ్ఛగా జారుతుంది. దాని బరువే దాన్ని పల్లానికి లాగుతుంది. దాంతో కింది స్పాన్లలో సాగ్ ఎక్కువైపోతుంది, పై స్పాన్లు బిగుసుకుంటాయి. రెండు స్పాన్ల అట్టడుగు బిందువుల మధ్య ఎత్తు తేడా 180 మీటర్లుంటే, జెబ్రాకు ఆ టెన్షన్ తేడా 290 కిలోలు. మా అడ్డపు టెన్షన్ సుమారు 2,900 కిలోలు, అంటే పదో వంతు. ఈ తేడాకు ఇన్సులేటర్ దండలన్నీ పైకొండ వైపు వాలి నిలబడ్డాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు, "సార్, టవర్లు వంగాయా?" అని భయపడ్డాడు.

మైదానంలో లాగా కప్పీ ఉన్నచోటే గుర్తుపెట్టి క్లాంపు బిగిస్తే ఈ వంకర శాశ్వతమవుతుంది. అందుకే ఆఫ్‌సెట్ క్లిప్పింగ్. ప్రతి టవర్ దగ్గరా క్లాంపు మధ్యబిందువు గుర్తు నుంచి ఎంత దూరం జరిపి బిగించాలో ముందే లెక్కవేసి పట్టిక తయారుచేశారు. కొన్ని చోట్ల కొద్ది సెంటీమీటర్లు, కొన్ని చోట్ల అర మీటరు పైగా. తీగను పల్లపు స్పాన్ల నుంచి వెనక్కి పైస్పాన్లకు ఇచ్చినట్టు అవుతుంది. అన్నీ బిగించాక దండలు నిటారుగా నిలబడితే లెక్క సరిపోయినట్టే.

గుర్తులు పెట్టడం మాత్రం సెక్షన్ అంతటా ఒకేసారి జరగాలి. ఒక టవర్‌లో బిగించి, భోజనం చేసి, తర్వాతి టవర్‌కు పోతే పట్టిక చెత్తబుట్టకే. ప్రతి టవర్ మీదా ఒక మనిషిని ఎక్కించి, కండక్టర్ నిలకడగా ఉందని చూసి, వాకీటాకీలో ఒకే మాట మీద అందరూ రంగు గుర్తు పెట్టారు.

సాగ్ సరిచూడడానికి కండక్టర్ ఉష్ణోగ్రత కావాలి, గాలి ఉష్ణోగ్రత కాదు. ఎండలో రెంటికీ చాలా తేడా ఉంటుంది. కండక్టర్ ముక్కలో థర్మామీటరు దూర్చి, టవర్ మీద తీగ ఎత్తులోనే వేలాడదీశాం. ముఖ్యమైన కొలత కోణాలు కొలిచే థియొడొలైట్‌తోనే. పొగమంచు వచ్చి అవతలి టవర్ కనబడకపోతే స్టాప్‌వాచ్ ఆదుకుంటుంది. తీగను తాడుతో ఒక్క కుదుపు కుదిపితే ఆ కెరటం అవతలి టవర్‌దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఒకసారి వెళ్లిరావడానికి పట్టిన సెకన్లను వర్గం చేసి 0.3066తో గుణిస్తే మీటర్లలో సాగ్. వాలు స్పాన్‌కు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. 520 మీటర్ల స్పాన్‌లో మాకు కావాల్సిన సాగ్ 19.8 మీటర్లు. అంటే మూడు రాకపోకలకు 24.1 సెకన్లు. చేతి వేగంలో 0.3 సెకను తేడా వస్తే సాగ్‌లో అర మీటరు తప్పు, కాబట్టి దీన్ని సరిచూసుకోవడానికే వాడతాను, తీర్పుకు కాదు.

క్లిప్పింగ్ అయిన వెంటనే తీగ కంపనాన్ని తగ్గించే డ్యాంపర్లు బిగించాలి. 1920లలో కాలిఫోర్నియాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ తయారుచేసినవే ఇవి, రెండు కొసల బరువులు, మధ్యలో ఉక్కు తీగ. మెల్లగా నిలకడగా వీచే గాలే ప్రమాదకరం. సెకనుకు 4 మీటర్ల గాలికి జెబ్రా సెకనుకు దాదాపు 26 సార్లు కంపిస్తుంది. కంటికి కనపడదు, చేయి పెడితే తెలుస్తుంది. పోగులు క్లాంపు దగ్గర అలసి తెగుతాయి. ఈ లోయలో రోజూ పొద్దునే అలాంటి గాలి వీస్తుంది.

అక్టోబరు, చార్జింగ్‌కు ముందు

నేలకు ఎత్తు కొలిచాం. 220 కేవీకి మన దేశపు ప్రమాణం 7.015 మీటర్లు. ఆ అంకె ఉత్త నేలకు. ఇక్కడ మూడు మీటర్ల మంచు పేరుకునే చోట్లున్నాయి, దాని మీద మనుషులు నడుస్తారు. అలాంటి స్పాన్లలో మంచు పైమట్టం నుంచి కొలిచాం. డిజైన్ దశలోనే కలిపారు కాబట్టి ఎక్కడా తగ్గలేదు.

ఎర్తింగ్ మాత్రం విసిగించింది. రాతిలో రాడ్డు దిగదు. కౌంటర్‌పాయిజ్ అని టవర్ కాళ్ల నుంచి గాల్వనైజ్డ్ తీగలను వాలు వెంబడి పొడవుగా పరిచి పాతాలి. లక్ష్యం 10 ఓములు. పై ఎర్త్ వైరును కలపకముందు కొలిస్తేనే ఆ టవర్ అసలు విలువ తెలుస్తుంది. కలిపాక కొలిస్తే మిగతా టవర్లన్నీ కలిసి మంచి అంకె చూపిస్తాయి, అందరం సంతోషిస్తాం, పిడుగు మాత్రం సంతోషించదు. మట్టి ఉన్న చోట్ల పదిలోపే వచ్చింది. 16, 17లలో ఇరవై దగ్గరే ఆగిపోయింది. పరిచిన తీగలను ఇంకా కిందికి, తేమ ఉండే సన్నటి వాగు అంచుదాకా పొడిగించాం. 16 పదిలోపుకు వచ్చింది, 17 పద్నాలుగు దగ్గర ఉంది.

మెగ్గర్ పరీక్ష (ఇన్సులేషన్ కొలత), ఫేజు సరిచూపు, పెట్టిన ఎర్తులన్నీ రిజిస్టరులో లెక్క ప్రకారం తిరిగి వచ్చాయా అన్న తనిఖీ అయ్యాయి. లైన్ చార్జ్ అయింది. లోడ్ లేకుండా ఒక రాత్రంతా ఉంచి, మర్నాడు లోడ్ ఎక్కించారు.

శీతకాలం తర్వాత, మొదటి తనిఖీ

మంచు కరగ్గానే టవర్ టవర్‌కూ వెళ్లి చూశాం. 11 దగ్గర ఆ పెద్దాయన చెప్పిన పట్టీలో నిజంగానే చరియ దిగింది. రాతి మొటిమకు రెండు పక్కలా చెట్ల మొక్కలు నేలమట్టమయ్యాయి, టవర్‌కు ఏమీ కాలేదు.

15లో మాత్రం పైకొండ వైపు కాలికి కింది అడ్డ బ్రేసింగ్ ఒకటి విల్లులా వంగింది. చరియ కాదు. వాలు మీద పేరుకున్న మంచు శీతకాలమంతా రోజూ కొద్దికొద్దిగా కిందికి జరుగుతూ దాన్ని తోసింది. వంగిన ముక్కను మార్చాం, దాని బదులు మందం ఎక్కువున్న యాంగిల్ వేశాం. కాలికి పైవాలు వైపు రాళ్లతో చీలిక గోడ కట్టడానికి డ్రాయింగు వచ్చింది. రాళ్లు అక్కడే దొరుకుతాయి, మోయక్కర్లేదు.

ఈ వేసవి పనుల జాబితాలో ఉన్నవి: 15 దగ్గర ఆ గోడ, 17 కౌంటర్‌పాయిజ్ ఇంకో రెండు తీగలు, కాళ్ల మీద మంచు ఎత్తు తెలిసేలా రంగు గీతలు, మొదటి ఏడు బిగించిన బోల్టులకు మళ్లీ టార్క్ తనిఖీ. కంచరగాడిదల యజమానికి కబురు పంపాను, జూన్ రెండో వారం నుంచి కావాలని.